పాత ఇంటి చరిత్ర కావాలంటే పక్కింటి దస్తావేజు కూడా అడగండి

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో ఉంది. అక్కడి మండువా లోగిలికి నూట యాభై ఏళ్లని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. ఆ మాటకు రెండు ఆధారాలు ఉండేవి. అటకెక్కి టార్చి వేసి చూస్తే వసారా పెంకుల అడుగున 1865 అని అచ్చు కనిపించేది. వీధి ద్వారబంధం పైభాగాన 'ఆంగీరస' అని చెక్కి ఉండేది. ఆంగీరస నామ సంవత్సరం 1872–73లో వచ్చింది. 1865 నాటి పెంకులు, ఏడేళ్లకు గృహప్రవేశం. లెక్క చక్కగా కుదిరిందని నేనూ నమ్మాను.

ఆ లెక్క తప్పని తేల్చిన కాగితం మా ఇంట్లో దొరకలేదు. దక్షిణం పక్కింటివాళ్ల దగ్గరున్న 1926 నాటి క్రయ దస్తావేజు తేల్చింది. అందులో హద్దులు రాసిన చోట ఉత్తరపు హద్దుగా మా ముత్తాతగారి పేరు, ఆ పేరు పక్కనే 'తాటాకిల్లు, పెరడు' అని ఉంది. 1926లో మా స్థలంలో ఉన్నది తాటాకిల్లు! అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే ఆంగీరస 1932–33లో కూడా వచ్చింది. మా లోగిలి పుట్టింది అప్పుడు.

మీ ఊళ్లో తాతలనాటి ఇల్లు ఉండి, దాని కథ తెలుసుకోవాలని ఉంటే నేను వెళ్లిన దారి చెబుతాను. మొత్తానికి కొన్ని సెలవు రోజులు, కొంత ఓపిక పడుతుంది. ఖర్చు తక్కువే.

మొదట ఇంటినే చదవండి

ఒక పగలంతా ఇంటికే కేటాయించండి. టేపు, టార్చి, నోటు పుస్తకం, ఫోను చాలు. ముందు ఇంటి నక్షా గీయండి. అందంగా రానక్కర్లేదు. ప్రతి గది కొలత, ప్రతి గోడ మందం మాత్రం రాయండి. ఒక గోడ రెండడుగుల మందం, దాన్ని ఆనుకున్న గోడ తొమ్మిది అంగుళాలు ఉంటే ఆ రెండూ ఒకేసారి కట్టినవి కాకపోవచ్చు. రెండు గోడలు కలిసే మూల చూడండి. ఇటుకలు ఒకదానిలోకి ఒకటి కూర్చి ఉంటే ఒకే కట్టుబడి. నిలువునా సన్నని పగులులా అతుకు కనిపిస్తే ఒకటి తర్వాత చేరింది.

ఇక పెంకులు. మంగళూరు పెంకుల అడుగున కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ల పెంకు మీద 1865 అని ఉంటే అది పెంకు చేసిన సంవత్సరం కాదు, మంగళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. మేం పడ్డ పొరపాటు ఇదే. ఇలా పడ్డవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్లాయి. కాబట్టి ఆ పేరున్న పెంకు యుద్ధం తర్వాతది. మా ఇంటి వసారా మీద బాసెల్ మిషన్ పెంకులు, నడిమింటి మీద కామన్వెల్త్ ట్రస్ట్ పెంకులు ఉన్నాయి. ఒక ఇల్లు విప్పితే ఆ పెంకులు ఇంకో ఇంటివాళ్లు కొనుక్కోవడం పల్లెల్లో మామూలే. అందుకే ఒక్క పెంకు చూసి ఇంటి వయసు చెప్పకండి. ప్రతి గది మీదా నాలుగైదు చోట్ల చూడండి.

కలప కూడా అంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి పండి చేతిలో డబ్బు ఆడింది. సముద్రం దాటి రంగూన్ వెళ్లి సంపాదించినవాళ్లు కూడా ఎందరో. మనవాళ్లు దాన్నే 'రంగం' అనేవారు. బర్మా టేకు స్తంభాలు, దూలాలు ఆ డబ్బుతో వచ్చాయి. కానీ మంచి టేకు దూలాన్ని ఎవరూ పారేయరు. పాత ఇంటి దూలం కొత్త ఇంట్లోకి వస్తుంది. దూలం మీద ఇప్పుడు దేనికీ పనికిరాని తొలిచిన రంధ్రాలు, గాడులు కనిపిస్తే దానికి ఇంతకుముందే ఒక బతుకు ఉందన్నమాట.

మిద్దె ఇల్లయితే ఇనుప గడ్డర్ల మీద అచ్చు వెతకండి. 'టిస్కో' అని ఉంటే 1912 తర్వాతది, టాటావారి కర్మాగారంలో ఉక్కు తయారవడం మొదలైంది అప్పుడే. డోర్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన సరుకు. గోడలో గానుగ సున్నం ఉందా, సిమెంటు ఉందా చూడండి. గానుగ సున్నం గోడలో ఒకచోట మాత్రమే సిమెంటు కనిపిస్తే అది తర్వాతి మరమ్మతు.

ద్వారబంధం మీద చెక్కిన అక్షరాలు రంగుల పొరల కింద పూడుకుపోయి ఉంటాయి. దయచేసి గీకకండి, గరుకు కాగితంతో రుద్దకండి. చీకటి పడ్డాక టార్చిని పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించి పట్టుకోండి. నీడలు పడి అక్షరాలు లేస్తాయి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫొటో తీయండి. మా 'ఆంగీరస'లో గీ మీది గుడిదీర్ఘం అలాగే బయటపడింది. అంతకుముందు ఆ గుర్తు ఎవరికీ స్పష్టంగా కనిపించలేదు.

సంవత్సరాలను ఇప్పటి లెక్కలోకి మార్చుకోండి

తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల తేడాతో రెండు మూడు తేదీలు వస్తాయి. ప్రభవ 1927–28లో వచ్చింది, మళ్లీ 1987–88లో. అక్కడి నుంచి వేళ్లమీద లెక్క వేసుకోవచ్చు. మాసం, తిథితో పాటు వారం కూడా చెక్కి ఉంటే మీ అదృష్టం. ఆ తిథి ఏ సంవత్సరంలో ఆ వారం పడిందో పాత పంచాంగంతో సరిచూస్తే చాలాసార్లు ఒక్కటే మిగులుతుంది. లేకపోతే మాలాగే ఇంకో ఆధారం వెతుక్కోవాలి.

పన్ను రసీదుల మీద, రెవెన్యూ కాగితాల మీద ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1342 అంటే 1932లో మొదలైన సంవత్సరం. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో. తెలంగాణ కాగితాల మీద ఆజూర్, దై, బహ్మన్ అని నెలల పేర్లు కనిపిస్తే అవి ఆ ఫసలీ నెలలే.

పెద్దవాళ్లను అడిగే తీరు

'ఏ సంవత్సరంలో కట్టారు?' అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. అందరికీ గుర్తున్న సంఘటన పట్టుకుని ముందా, తర్వాతా అని అడగండి. కాకినాడ మీద జపాన్ వాళ్లు బాంబు వేసినప్పటికి (1942 ఏప్రిల్) ఈ వంటిల్లు ఉందా? 1953 వరదలో నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి? 1996 తుపానుకి ఏ వైపు కప్పు లేచిపోయింది? దివిసీమ వైపు వాళ్లకు 1977 ఉప్పెన ఒక్కటే చాలు. తెలంగాణలో రజాకార్ల కాలం, పోలీసు చర్య అలాంటి గుర్తులు.

మగవాళ్లు అమ్మకాలు, కొనుగోళ్లు, కోర్టు తగాదాలు చెబుతారు. ఇల్లు ఎలా ఉండేదో చెప్పేది ఆడవాళ్లు. పొయ్యి ఏ మూల ఉండేది, పురిటి గది ఏది, నుయ్యి ఎప్పుడు పూడ్చారు, దొడ్డి ఎక్కడి దాకా ఉండేది, ఇవన్నీ ఆ ఇంటికి కోడలిగా వచ్చినవాళ్లకు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. పెళ్లయి వచ్చిన ఏడాది మాత్రం వాళ్లకు కచ్చితంగా గుర్తుంటుంది. 'మీరు కాపురానికి వచ్చేనాటికి ఈ గోడ ఉందా అమ్మమ్మా?' అని అడగండి. ఒకే ప్రశ్న ఇద్దరిని విడివిడిగా అడగండి. అందరినీ కూర్చోబెట్టి అడిగితే గొంతు పెద్దదున్నవారి మాటే చరిత్ర అయిపోతుంది.

ఇంట్లో ఉన్న కాగితాలు

భోషాణం, ట్రంకు పెట్టె, దేవుడి గూడు, పటాల వెనక, అన్నీ వెతకండి. క్రయ దస్తావేజులు, పారీఖత్తులు (పంపకాల కాగితాలు), తనఖాలు, వీలునామాలు, పన్ను రసీదులు, శుభలేఖలు, పద్దు పుస్తకాలు ఏవైనా పనికొస్తాయి. పద్దు పుస్తకం దొరికితే దాన్ని బంగారంలా చూసుకోండి. సున్నం ఎన్ని బళ్లు, వడ్రంగి కూలీ ఎంత అన్నది దస్తావేజులో ఉండదు, అందులోనే ఉంటుంది.

మడతల దగ్గర చిరిగిన కాగితానికి టేపు అంటించకండి. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే ఇక వెనక్కి తీయలేరు. నేల మీద తెల్లబట్ట పరిచి, కిటికీ వెలుతురులో నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. వెనకవైపు కూడా తప్పకుండా తీయండి. స్టాంపు కాగితం వెనక స్టాంపు వెండరు ఎవరికి, ఏ తేదీన అమ్మాడో రాస్తాడు. ఆ తేదీ దస్తావేజు తేదీ కన్నా ముందుదో, అదే రోజుదో అయి ఉండాలి. తర్వాతి తేదీ అయితే ఆ కాగితాన్ని అనుమానంగా చూడాల్సిందే. స్టాంపు మీది బొమ్మ కూడా కాలం చెబుతుంది. విక్టోరియా రాణి 1901 దాకా, ఎడ్వర్డ్ 1910 దాకా, ఐదో జార్జి 1936 దాకా, ఆ తర్వాత ఆరో జార్జి.

పాత చేతిరాత చూసి భయపడకండి. కరణాలు కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసేవారు. ముందు మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు వెతకండి. ఆ రెండు మాటల్లో అక్షరాలు ఎలా తిప్పాడో తెలిస్తే మిగతావి మెల్లగా విడతాయి. పాత దస్తావేజు లేఖరులు, కరణీకం చేసిన కుటుంబాల పెద్దలు ఈ రాత ఇప్పటికీ గడగడా చదువుతారు. వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి.

కొన్ని మాటలు తెలుసుకుంటే తప్పులు జరగవు. 'నాలుగణాల వాటా' అంటే రూపాయికి పదహారణాల లెక్కన నాలుగో వంతు, డబ్బు కాదు. అంకణం కొలత ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ఇంటి విషయంలో రెండు దూలాల మధ్య మేరను కూడా అంకణమే అంటారు. 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అని వచ్చే వరస మామూలుగా అందరి దస్తావేజుల్లో రాసేదే. అది చూసి ఇంటి కింద నిధి ఉందని తవ్వకండి.

ఇంటిపేరు మారగానే ఇల్లు అమ్మేశారని అనుకోవద్దు. ఇల్లరికం, దత్తత, ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఇవ్వడం, ఈ మూడింటిలో ఏదైనా జరిగి ఉండొచ్చు. ఇల్లు అదే కుటుంబంలో ఉంటుంది, పేరు మాత్రం మారుతుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి వెతికించుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో నంబరు పుస్తకంలో నకలు రాసి ఉంటాయి. వాటికి రెండు సూచికలు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్ల వరసన, రెండోది ఊరు, ఆస్తి వరసన. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కడితే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికను ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు పోయాక వాటి నకలు ఎవరు అడిగినా ఇవ్వాలి.

ఉత్త చేతులతో వెళ్తే పని కాదు. కాగితం మీద ఊరు, తాతముత్తాతల పూర్తి పేర్లు తండ్రి పేరుతో సహా, సుమారుగా ఏ ఏళ్ల మధ్య వెతకాలో రాసుకుని వెళ్లండి. మీ ఊరు అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో ముందే కనుక్కోండి, ఆఫీసుల పరిధులు చాలాసార్లు మారాయి. ఇంట్లో ఉన్న పాత దస్తావేజు మీది ముద్రలోనే ఆ ఆఫీసు పేరు ఉంటుంది. నేను వెళ్లిన ఒక ఆఫీసులో మొదటిరోజు 'ఆ పుస్తకాలు లేవు, చెదలు పట్టాయి' అన్నారు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అదే మాట కాగితం మీద రాసివ్వమని అడిగాను. పది రోజుల తర్వాత పుస్తకం దొరికింది. నోటిమాటతో వెనక్కి రాకండి. కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి.

నూరు రూపాయల లోపు విలువకు అమ్మిన ఆస్తికి ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిన్న ఇళ్లు ఎన్నో ఆ లోపే చేతులు మారాయి. దస్తావేజు దొరకలేదంటే అమ్మకం జరగలేదని కాదు.

గ్రామకంఠం అనే చిక్కు

పల్లెటూరి ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన స్థలంలో ఉంటాయి. ఊరికంతటికీ కలిపి ఒకే సర్వే నంబరు. పొలానికైతే అడంగల్ (సాగు లెక్క), ఎఫ్ఎంబీ (కొలతల పటాల పుస్తకం), సెటిల్‌మెంటు రిజిస్టరు ఉంటాయి కానీ, గ్రామకంఠంలో ఫలానా ఇల్లు ఫలానావారిది అని పాత రెవెన్యూ లెక్కల్లో ఉండదు. ఎంతోమంది తహసీల్దారు ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగి నీరసించేది ఇక్కడే. మీరు అడగాల్సింది పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు. డోరు నంబరు, పేరు, ఇల్లు పూరిదా పెంకుదా అన్న వివరం అందులో ఉంటే ఏ ఏడాది మారిందో తేలుతుంది. పట్టణమైతే మున్సిపాలిటీ పన్ను పుస్తకాలు, టౌన్ సర్వే రిజిస్టరు చూడండి.

జమీందారీ గ్రామాల లెక్కలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ చేతికి వచ్చాయి. ఇల్లు ఈనాం భూమిలో ఉంటే ఈనాం ఫెయిర్ రిజిస్టరు వెతకండి, పందొమ్మిదో శతాబ్దంలో ఆ భూమి ఎవరి అనుభవంలో ఉందో అందులో వివరంగా ఉంటుంది. 1953కి ముందు కోస్తా, రాయలసీమ మద్రాసు కింద ఉన్నాయి కాబట్టి ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు పాత కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ ఇళ్లకూ వెళ్లి అడగండి.

తెలంగాణలో దారి వేరు. 1954–55 నాటి కస్రా పహాణీ (భూమి, సాగుదారుల లెక్క), సేత్వార్ (తొలి సర్వే లెక్క) అక్కడి మూలకాగితాలు. అంతకుముందువి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదివి చెప్పేవారిని వెంటబెట్టుకోండి. సాదా బైనామాల (రిజిస్టరు కాని తెల్లకాగితపు అమ్మకపు పత్రాల) మీద చేతులు మారిన ఇళ్లు ఎన్నో, అవి ఏ ఆఫీసులోనూ దొరకవు, ఇంటి పెట్టెల్లోనే ఉంటాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలున్నాయి. హైదరాబాద్ పాత బస్తీ ఇల్లయితే మీరు అదృష్టవంతులు. 1908 మూసీ వరద తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరమంతా కొలిచి గీసిన పటాలున్నాయి. 1912–15 మధ్య మీ గల్లీలో ఏ గోడ ఎక్కడుందో అందులో కనిపిస్తుంది.

పక్కింటి కాగితాలు

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ప్రతి దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు హద్దులు రాస్తారు. అంటే మీ పొరుగువారు ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం రాయించుకున్నా అందులో మీ ఇంటి ప్రస్తావన ఉంటుంది. మీ ఇల్లు నూరేళ్లు అమ్మకుండా ఉంటే మీ దగ్గర ఒక్క కాగితమూ ఉండకపోవచ్చు. చుట్టూ నాలుగిళ్లూ తలా రెండు సార్లు చేతులు మారితే మీ ఇంటి గురించి ఎనిమిది సాక్ష్యాలు ఉన్నట్టే. పైగా అవి మీ మీద ప్రేమతోనో, గొప్పకోసమో రాసినవి కావు.

మీ వీధి పటం గీసి ప్రతి ఇంటికీ ఒక అంకె పెట్టండి. దొరికిన ప్రతి దస్తావేజు నుంచి తేదీ, హద్దుల మాటలు ఉన్నవి ఉన్నట్టుగా దింపండి. 'ఇల్లు' అని కుదించకండి. తాటాకిల్లా, పెంకుటిల్లా, ఖాళీ స్థలమా, ఉమ్మడి గోడా, సొంత గోడా, రాజవీధా, సందా, ఆ మాటల్లోనే అంతా ఉంది. మా విషయంలో 1926లో 'తాటాకిల్లు'. తూర్పు పక్కవారి 1934 నాటి తనఖా కాగితంలో పడమర హద్దు 'పెంకుటింటి ప్రహరీ'. ఆ ఎనిమిదేళ్ల మధ్యలో ఆంగీరస ఒక్కసారే వచ్చింది.

అడగడం మాత్రం జాగ్రత్తగా అడగాలి. ఆస్తి కాగితాలు చూపించమనగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, గోడ తగాదా పెడతారేమోనని. సొంత అన్నదమ్ములు కూడా వాటా అడుగుతారేమోనని అనుమానిస్తారు. ఫోనులో అడగొద్దు. మీ ఇంటి పెద్దవారిని తీసుకుని వెళ్లండి. 'మామయ్యగారూ, మా ఇల్లు ఎప్పుడు కట్టారో తెలుసుకోవాలని ఉందండీ. మీ పాత దస్తావేజులో హద్దులు రాసిన పేరా ఒక్కటి చదివి వినిపిస్తే చాలు, ఫొటో కూడా తీయను' అని చెప్పండి. మీ దగ్గరున్న కాగితంలో వాళ్ల తాతగారి పేరున్న చోటు ముందుగా మీరే చూపించండి. మా దక్షిణం పక్కింటి పిన్నిగారు మొదట తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. వాళ్ల మామగారి సంతకం సాక్షిగా ఉన్న మా కాగితం చూపించాక లోపలికి పిలిచి, మంచం కింది పెట్టె తానే లాగారు.

రాసి పెట్టడం

ఒక పుస్తకంలో మూడు గడులు గీయండి. సంవత్సరం, జరిగింది, అది ఎలా తెలిసింది. మూడో గడి ఖాళీగా ఉన్న ఏ సంగతీ మొదటి రెండు గడుల్లోకి ఎక్కకూడదు. ఇంట్లో చెప్పుకునే కథలను పారేయకండి, వెనక పేజీల్లో ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి ఉంచండి. మా ఇంటి నూట యాభై ఏళ్ల కథ అలా వెనక పేజీలోకి వెళ్లింది. మా పెదమామయ్యకు కొంచెం బాధ కలిగింది. తర్వాత ఆయనే 1932లో ధాన్యం ధర పడిపోయిన రోజుల్లో ముత్తాతగారు ఇల్లు ఎలా కట్టగలిగారని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకు మా పుస్తకంలో ఇప్పటికీ మూడో గడి నిండలేదు. రంగూన్ నుంచి వచ్చిన ఒక మనియార్డరు రసీదు మాత్రం దొరికింది, పంపినవారి పేరు దగ్గర చెద తినేసింది.

పుస్తకం పూర్తయ్యాక జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి దూరాన ఉన్న పిల్లల దగ్గర, ఒకటి కాగితాలు చూపించిన పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి. వాళ్ల హద్దుల్లో మీరున్నట్టే మీ పుస్తకంలో వాళ్ల ఇల్లూ ఉంది.